రెండు నోళ్ల వార్త

నా చేతిరాత బాగుంటుందని నేనే చెప్పుకుంటే బాగుండదు గానీ, ఉన్నమాటకు సిగ్గెందుకు? మా బాపు వేలు పట్టి ఇసుకలో దిద్దించిన అక్షరాలవి. మా ఆయనవి మాత్రం కోడిగీతలు. బడిపంతులై ఉండి ఆ రాతేమిటని పెళ్లయిన కొత్తలో నవ్వేదాన్ని. తను రాసింది తనే రెండు రోజులు పోతే చదువుకోలేకపోయేవాడు.

నల్లగొండలో మాది కిరాయి ఇల్లు. బడి అయిపోయాక ఆయన, నిజాం సరిహద్దు అవతల అచ్చయ్యే ఒక వారపత్రికకు వార్తలు రాసి పంపేవాడు. కింద పేరు ఉండేది కాదు. పేరు పడితే మనిషి మిగలడు. రజాకార్ల పేరు వింటే ఏడ్చే పిల్లలు కూడా నోరు మూసే రోజులవి. ఆ పత్రిక ఇంట్లో దొరికినా జైలే. అయినా ఉల్లిగడ్డల బస్తాల్లో పదో పన్నెండో కాపీలు వచ్చేవి. ఆయన రాసిన వార్తలు నేను సాపు రాసేదాన్ని. అచ్చువేసేవాళ్లకు అర్థం కావాలని ఒకటి, దారిలో కాగితం దొరికితే రాత ఆయనది కాకూడదని ఇంకొకటి. పంతులు రాత గుర్తుపట్టేవాళ్లు ఊరంతా ఉంటారు. పంతులు పెళ్లాం రాత ఎవరికి తెలుసు?

ఆయనకు ఒక నియమం ఉండేది. ఒక్కరు చెబితే రాయడు. ఇద్దరు చెప్పాలి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లో ఒకే వాడవాళ్లో కాకూడదు. "ఒక్క నోరు చెప్తే ముచ్చట, రెండు నోళ్లు చెప్తే వార్త" అనేవాడు. అంగడి రోజు పల్లెల నుంచి వచ్చినవాళ్లను వేరువేరుగా కూర్చోబెట్టి అడిగేవాడు. ఊళ్లు తగలబడుతుంటే ఈయన రెండో నోటి కోసం కాచుకుని కూర్చుంటాడేమిటని నాకు ఒక్కోసారి ఒళ్లు మండేది. కానీ లోపల గర్వంగానే ఉండేది. మా ఇంటి నుంచి పోయిన వార్త ఒక్కటీ అబద్ధమని తిరిగి రాలేదు.

శ్రావణం చివర్లో ఒక పొద్దున పెరుగమ్మే ఆమె వచ్చింది. మా పుట్టింటి పక్క ఊరు ఆమెది, పానగల్ దాటి రెండు కోసులు. రోజూ కుండ నెత్తిన పెట్టుకుని వచ్చి, నాలుగు వాడలు తిరిగి, ఎండ ముదిరేలోగా వెళ్లిపోయేది. ఆ రోజు కుండ దించి అరుగు మీద కూలబడింది.

"మా ఊరి మీద రజాకార్ల దండు వడ్డది బిడ్డా. సర్కారుకు ఎదురు తిరిగిన సంగపోళ్ల ఇండ్లు ఏరి ఏరి కాలవెట్టిన్రు. నడుమ ఉన్న ఇండ్లు ఇడిసిపెట్టి గా ఇండ్లే. ఎవడో ఎంట ఉండి సూపిచ్చినట్టే."

"ఎవలంట?"

"ఎవలికెరుక? అందరం చేన్లల్ల దాసుకుంటిమి."

అక్కడితో ఊరుకుని పెరుగు పోయించుకుంటే సరిపోయేది. కానీ వార్తలు సాపు రాసీ రాసీ నాకు తెలివి ముదిరింది. "ఇల్లిల్లు ఎరుకున్నోడు ఎవడుంటడు? ఇంటింటికి తిరిగి బట్టలు కుట్టేటోడే అయ్యుంటడు" అన్నాను.

ఆమె నా మొహం చూసింది. "గదీ నిజమే" అంటూ కుండ ఎత్తుకుంది.

ఆ రోజుల్లో మా పల్లెల్లో దర్జీకి దుకాణం ఉండేది కాదు. పెళ్లికో బతుకమ్మకో కబురు పెడితే మిషను తెచ్చుకుని ఇంటికే వచ్చేవాడు. నాలుగైదు రోజులు అరుగు మీద కూర్చుని ఇంటిల్లిపాదికీ కుట్టిపెట్టి ఇంకో ఇంటికి పోయేవాడు. మా ఊరికీ ఆ పక్క ఊరికీ ఒక్కడే దర్జీ. ముస్లిం. ఇల్లు ఆ పెరుగామె ఊళ్లోనే. మాకు మామ వరస. నా మొదటి లంగా, నా పెళ్లి రవికలు ఆయన చేతివే. టేపు వాడేవాడు కాదు, నూలు దారానికి ముళ్లు వేసి కొలత తీసుకునేవాడు. "ఈ పిల్ల నోరు గూడ కొల్వాల్నంటే దారం సాలది" అని మా అవ్వ ముందు నన్ను ఏడిపించేవాడు.

మరి ఆ మాట అన్నప్పుడు మామ గుర్తుకు రాలేదా అంటే, రాలేదు. నేను ఒక మనిషి గురించి మాట్లాడుతున్నానని అనుకోలేదు. పొడుపుకథ విప్పాననుకున్నాను.

ఆ తర్వాతి అంగడికి పెరుగామె ఊరి గానుగాయన వచ్చాడు. దండుకు ఇళ్లు చూపించింది దర్జీయేనని చెప్పాడు. పొద్దు వాలుతుండగా ఇంకో రైతు వచ్చి అదే చెప్పాడు. "నీ కండ్లతోని చూసినవా?" అని మా ఆయన ఇద్దరినీ అడిగాడు. "చూడలే పంతులూ, ఊరంతా అంటాంది" అన్నారిద్దరూ. ఇద్దరివీ వేరే కులాలు, వేరే వాడలు. ఒకరు వచ్చినట్టు ఇంకొకరికి తెలియదు. రెండు నోళ్లూ సరిపోయాయి. ఆయన రాశాడు.

ఆ కాగితం నా ముందుకు వచ్చినప్పుడు నా గుండె ఆగాల్సింది. ఆగలేదు. "నేను ముందే అనుకున్న గద!" అని పొంగిపోయాను. ఆ పొంగు కాస్త దిగాక మామ మొహం కళ్ల ముందుకు వచ్చింది. అప్పుడైనా కలం పక్కన పెట్టానా? లేదు. "ఎంత మంచిగ ఉండేటోడు, ఎవర్నీ నమ్మేటట్టు లేదు" అనుకున్నాను. ఊరి పేరు రాసి, 'ఆ గ్రామపు దర్జీ దండు వెంట ఉండి ఇండ్లు చూపించినాడు' అని రాశాను. 'మామ' అన్న మాట ఆ వాక్యంలో పట్టదు కదా. నేను పెరుగామెతో అన్నది మా ఆయనకు చెప్పలేదు. దాచాలని కాదు, అది చెప్పాల్సిన విషయమని నాకు తోచనే లేదు.

కాగితం వెళ్లిపోయింది. సరిహద్దులో కాపలా ఎక్కువై ఎన్నాళ్లకూ అచ్చు కాలేదు. వినాయక చవితి పోయిన కొన్ని రోజులకు భారత సైన్యం వచ్చింది. హైదరాబాద్ సడక్ మీద మిలిటరీ లారీలు పోతుంటే మేమంతా ఎదురెళ్లి చూశాం. నేను కూడా చేతులు ఊపాను. ఎన్నేళ్ల తర్వాతో గుండెల నిండా ఊపిరి పీల్చుకున్న రోజది. ఇందులో అబద్ధం లేదు.

వారం తిరగకముందే మా ఇళ్లలో ఉన్న భయం ముస్లింల ఇళ్లకు మారింది. మా వాడలో అత్తరు అమ్మే ముసలాయన ఇంటికి తాళం పడింది. ఏ ఊరి బావిలో శవాలు పడి నీళ్లు తోడుకోవడం మానేశారో అంగడిలో చెప్పుకునేవారు. కొందరు గొంతు తగ్గించి చెప్పేవారు, కొందరు నవ్వుతూ చెప్పేవారు. ఆ నవ్వేవాళ్ల దగ్గర నేను బేరం ఆపి వచ్చేసేదాన్ని. మా ఆయన బడి నుంచి వచ్చి అన్నం ముందు ఊరికే కూర్చునేవాడు, తినేవాడు కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా వార్త పడిన సంచిక వచ్చింది. ఉల్లిగడ్డల్లో కాదు, బస్సు మీద కట్టలు కట్టలుగా. ఇప్పుడు దాన్ని దాచుకోవాల్సిన పనేముంది? అణాకు ఒకటి కొనుక్కుని ఊరూరా పట్టుకుపోయారు. చదువు వచ్చినవాడు అరుగు మీద కూర్చుని పైకి చదవడం, చుట్టూ ఊరంతా చేరి వినడం. మునుపు పది మంది చాటుగా చదివిన పత్రిక ఇప్పుడు వందల చెవుల్లో పడుతోంది. నా వాక్యం రెండో పేజీలో ఉంది. ఒక్క అక్షరం పోకుండా వేశారు.

మర్నాడు పొద్దున పెరుగామె వచ్చింది. పత్రికలో వాళ్ల ఊరి పేరు పడిందని సంబరంగా ఉంది. నాకెందుకో మనసు ఒక చోట నిలవడం లేదు. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను.

"అయితే దర్జీ మామ సంగతి మీ ఊళ్ల ఫస్టు ఎవలు కనుక్కున్నరు?"

ఆమె నవ్వింది. "గట్లడుగుతవేంది బిడ్డా? నువ్వే గద చెప్పినవ్. పంతులు గారింట్ల చెప్పిన్రని నేనే మా వాడల చెప్పిన. గానుగోళ్ల ఇంట్ల గూడ చెప్పిన. ఆళ్లకు అప్పటిదన్క ఎర్కనే లేదు."

పెరుగు గిన్నె నా చేతిలోనే ఉంది. రెండు నోళ్లూ నా నోరే. పెదవి దాటితే పృథివి దాటుతుందని మా అవ్వ ఊరికే అనలేదు. నా మాట పెదవి దాటి, ఊరు తిరిగి, మా ఇంటికే వచ్చి, నా చేతే సాపు రాయించుకుని, అచ్చయి మళ్లీ ఊళ్లకు పోయింది.

మా ఆయన బడి నుంచి వచ్చేదాకా కాలుగాలిన పిల్లిలాగ ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగాను. వచ్చీ రాగానే చెప్పేశాను. కొడతాడనుకున్నాను. అంతవరకు ఎన్నడూ చెయ్యెత్తలేదు, ఆ రోజు కొట్టినా బాగుండేది. ఆయన చెప్పులు విప్పకుండానే గడపలో కూర్చుండిపోయాడు.

"మరి సాపు రాసేటప్పుడన్న చెప్పకపోతివి?"

"నాకు తట్టలే."

"నాకూ తట్టలే. నీకెవరు చెప్పిన్రని వాళ్లను అడగాలె. అడగలే నేను" అన్నాడు.

పత్రికకు టెలిగ్రాం ఇద్దామంటే తప్పు దిద్దింది అచ్చయి రావడానికి ఇంకో వారం. అందుకని నేను కూర్చుని కాగితాలు రాశాను. 'దర్జీ గురించి పత్రికలో పడినది నిజం కాదు. ఎవరూ చూసినవారు లేరు. ఆయనను ఏమీ అనవద్దు.' ఇరవై దాకా రాశాను. తెల్లారి బండి కట్టించుకుని ఇద్దరం బయల్దేరాం. పానగల్ దాటేసరికి ఎండ ఎక్కింది. దారి పొడుగునా నాకు ఒకటే ఆలోచన. మామ ఇంట్లోనే ఉంటాడు, అరుగు మీద మిషను ముందు కూర్చుని ఉంటాడు, నన్ను చూసి ఏదో ఒకటి అంటాడు, అప్పుడు కాళ్లు పట్టుకుంటాను. ఎడ్లు ఎంత తోలినా నడవడం లేదనిపించింది. బండాయన మీద ఉత్తపుణ్యానికి విసుక్కున్నాను.

ఆ ఊళ్లో ఒక ఇంటి అరుగు మీద పత్రిక చదువుతూనే ఉన్నారు. మా ఆయన వెళ్లి నేను రాసిన కాగితం చేతికిచ్చాడు. వాళ్లలో పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రాత బాగనే ఉన్నది పంతులూ. కని ఇది చేతిరాత. అది అచ్చు. అచ్చుల అబద్ధమెందుకు వేస్తరు?"

"ఆ అచ్చుకు రాసిచ్చింది నేనే" అన్నాడు మా ఆయన.

"అప్పుడు రాసింది దిటమున్నోడు రాసిండు. ఇప్పుడు ఎవలో నిన్ను బెదిరిచ్చినట్టున్నరు" అని నవ్వాడాయన. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. ఆ చేతులు నాకు ఇప్పటికీ కళ్లకు కడతాయి. అంత శ్రద్ధగా రాసిన కాగితాన్ని మడిచి దానితో చెవి గులిమి తీసుకున్నారు.

మామ ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి ఆడామె తలుపు చాటు నుంచి చెప్పింది. "పెండ్లాం పిల్లల్ని నల్లగొండ దిక్కు తోలిచ్చిండు. తను నిన్న మిట్ట మధ్యాన్నం మీ ఊరికి పోయిండు బిడ్డా. మీ బాపు దగ్గరికి. పంతులోళ్ల మామ ఉండంగ నాకేం ఫికర్ అన్నడు."

ఆ మాటతో నాకు ప్రాణం లేచివచ్చింది. బాపు దగ్గరికి పోయాడంటే బతికినట్టే. రజాకార్ల కాలంలో సంఘం పిల్లలను నెల రోజులు వడ్ల గది వెనక దాచి అన్నం పెట్టిన మనిషి మా బాపు. ఎవరు వచ్చి అడిగినా తొణకలేదు. అక్కణ్ణుంచి మా ఊరికి అరకోసు కూడా ఉండదు. బండి దిగి చేన్లకు అడ్డంపడి నడిచాను, మా ఆయన వెనక వస్తున్నాడో లేదో కూడా చూడలేదు.

బాపు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పత్రిక ఉంది. నన్ను చూసి మొహం విప్పారింది.

"రా బిడ్డా. అల్లుని వార్త చదివిన. ఎంత మంచిగ రాసిండు!"

"బాపూ, దర్జీ మామ వచ్చిండంట గద. ఏడున్నడు?"

బాపు మొహం ముడుచుకుంది. "వచ్చిండు. ఏం మొకం పెట్టుకొని వచ్చిండో. లోపటికి రానియ్యలే. నీ సంగతి పేపర్ల వడ్డది, నా అల్లుడే రాసిండు, పో అన్న. తలుపేసుకున్న."

మా ఆయనే వచ్చి చెప్పాడు. అంతా చెప్పాడు, నా మాట మాత్రం తన మీద వేసుకుని చెప్పాడు. తనదే తప్పన్నాడు. బాపు వింటూ వింటూ లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. "మూడు మాట్ల తలుపు కొట్టిండు బిడ్డా" అన్నాడు. "నేను లోపట్నే నిలవడ్డ."

ఆ రోజూ మర్నాడూ బాపూ మా ఆయనా మనుషులను పెట్టి వెతికించారు. మూడోనాడు జొన్నచేలో దొరికాడు. ఎలా ఉన్నాడో నేను చూశాను గానీ రాయను. చంపినవాళ్లు ఎవరో ఆ రెండు ఊళ్లలో అందరికీ తెలుసు. మా బాపు ఆ తర్వాత పదిహేనేళ్లు బతికాడు. పగటిపూట తలుపు వెయ్యనిచ్చేవాడు కాదు. వానలో, ఈదురుగాలిలో కూడా బార్లా తెరిచి పెట్టాల్సిందే.

మా ఆయన మళ్లీ రాశాడు. దర్జీని చంపిన సంగతి, ఆ చుట్టుపక్కల ఇంకెవరిని ఎక్కడ చంపారో ఆ సంగతి, ఒక్కొక్కటీ ఇద్దరి ముగ్గురి చేత చెప్పించుకుని, ప్రతి ఒక్కరినీ "నీకెవరు చెప్పిన్రు, వాళ్లకెవరు చెప్పిన్రు" అని మొదటి మనిషి దాకా అడిగి రాశాడు. నేను సాపు రాశాను. అక్షరాలు తప్పి రెండు కాగితాలు చింపేశాను. పత్రిక నుంచి జవాబు వచ్చింది. ప్రజలు ఇప్పుడిప్పుడే సంతోషంగా ఉన్నారు, ఈ సమయంలో ఇలాంటివి వద్దు అని. నా అబద్ధానికి రెండో పేజీలో జాగా దొరికింది. ఈ నిజాలకు దొరకలేదు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. కానీ ఆ కోపం పత్రిక మీద పెట్టుకుని నేను తప్పించుకోలేను.

మా ఆయన వదల్లేదు. ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. దసరా పోయాక చివరి పేజీ అడుగున మూడు పంక్తులు వేశారు. 'దర్జీని గూర్చి ఇదివరలో ప్రకటించిన వార్త సరికాదని తెలియవచ్చినది.' అంతే. చనిపోయాడని కూడా లేదు.

ఆ కాగితం తీసుకుని అత్త దగ్గరికి వెళ్లాను. మామ భార్య, పిల్లలతో నల్లగొండలోనే ఎవరి ఇంట్లోనో తలదాచుకుంది. అన్నాళ్లూ తేలు కుట్టిన దొంగలాగ ఆ వీధి వైపే వెళ్లలేదు నేను. అత్త నన్ను చూసి ఏడ్చింది, నా చెయ్యి పట్టుకుని చాప మీద కూర్చోబెట్టుకుంది. తెచ్చిన కాగితం ఇచ్చాను. ఆమె దాన్ని పక్కన పెట్టి, ట్రంకు పెట్టెలోంచి ఇంకో కాగితం తీసింది. పాత సంచికలోని రెండో పేజీ.

"ఇందుల ఏదో రాసిన్రంట గద బిడ్డా. అందరు రాసిన్రు రాసిన్రు అంటరు, ఏం రాసిన్రో నాకెవలు చదివి చెప్పలే. నీకు సదువొచ్చు. జర చదువు."

చదవకుండా ఏదో ఒకటి చెప్పి లేచిపోవచ్చు. ఆమెకు అక్షరం రాదు. చదివాను. ఒకే ఒక్క వాక్యం. ఆమె అదేనా, ఇంకేం లేదా అన్నట్టు చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే అత్తా. ఈ మాట మొదలు అన్నది నేను. పెరుగామెతోని అన్న."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "నీకెవలు చెప్పిన్రు?" అని అడిగింది. మెల్లగానే అడిగింది, అసలు దోషి ఎవరో నా వల్ల తెలుస్తుందన్నట్టు.

"ఎవలు చెప్పలే."

"మరి ఎట్లన్నవ్?"

"ఊరికెనే అన్న."

అత్త నా చెయ్యి వదల్లేదు. వదిలితే బాగుండునని నేను దేవుళ్లకు మొక్కుకున్నాను.

"ఊరికెనేనా బిడ్డా?" అంది.